అడ్డంగా వేసిన రంగు

కొక్కెం మీది బిళ్ల మాయమైన రోజే తమ్ముడూ మాయమయ్యాడు.

చనిపోయాడని ఎవరూ అనలేదు. వెళ్లిపోయాడన్నారు.

వంతెన ఇనుములోకి దిగే ప్రతి మనిషీ గేటు దగ్గర బోర్డుకి తన ఇత్తడి బిళ్ల తగిలించి దిగాలి. పని ముగించి వచ్చాక తీసుకోవాలి. కొక్కేనికి ఒక్క బిళ్ల వేలాడుతున్నా గేట్‌మన్ సిగ్నల్ వదలడు. బండి కదలదు.

ఆ సాయంత్రం తమ్ముడి కొక్కెం ఖాళీగా ఉంది.

అంటే బయటికి వచ్చేశాడు. అంటే వంతెన మీద వెతకాల్సిన పని లేదు.

ఎవరూ వెతకలేదు.

అది నిరుటి చలికాలం. ఇప్పుడు మళ్లీ మంచు పడుతోంది. చీకటి పడే వేళ.

నడిమి స్తంభం తల మీద అక్క మోకాళ్లూని కూర్చుంది. చేతిలో స్పానర్. వేళ్లు కొయ్యబారిపోయాయి. పైన రోడ్డు మీద లారీలు పోతున్నాయి... దడదడ. పక్కన రైలు పట్టాలు. కింద ఎంతో లోతులో నది. కనిపించదు. వినిపిస్తుంది.

ఆమె ముందు ఒక ఇనుప మూత.

స్తంభం లోపల బోలు. కట్టినవాళ్లు లోపల తుప్పు చూసుకోవడానికి మనిషి దూరేంత కంత పెట్టి, దాన్ని నిలువు మూతతో మూశారు. ఆ మూత ఎవరూ విప్పరు. ఏటా రంగు మాత్రం వేస్తారు.

ఆ రంగే ఆమెని ఇక్కడికి తెచ్చింది.

తమ్ముడు పోయిన నెలకే అక్క అతని స్థానంలో రంగుల ముఠాలో చేరింది. అందరూ వద్దన్నారు. చేరింది. గీకడం నేర్చుకుంది. కుంచె పట్టడం నేర్చుకుంది. నిలువు ఇనుముకి రంగు పైనుంచి కిందికే లాగాలి... అడ్డంగా లాగితే ఆ గీతల్లో నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది. ముఠాలో చేరిన తొలి రోజే చెప్పే మాట అది. తాగి ఉన్నా ఆ చేతులు కిందికే వెళ్తాయి.

వంతెన గేటు చివర నుంచి మొదలుపెట్టిన ముఠా ఇవాళ మధ్యాహ్నం నడిమి స్తంభానికి చేరింది.

మూత మీద పాత రంగు అడ్డంగా ఉంది.

ఆమె చూసింది. వేలితో తడిమింది. సాయంత్రం అందరితోపాటు బయటికి వెళ్లింది. "గీకుడు పార మర్చిపోయాను బాబాయ్" అని గేట్‌మన్‌తో చెప్పి, మళ్లీ బిళ్ల తగిలించి, ఒక్కతే వెనక్కి వచ్చింది.

ఒక బోల్టు ఊడింది. ఇంకోటి. ఇంకోటి.

చివరి బోల్టు మిగిలింది. స్పానర్ పెట్టింది. బలమంతా వేసింది.

రాలేదు.

మళ్లీ.

టక్...

బోల్టు కాదు. వెనక ఇనుము మీద బూటు.

"చీకట్లో ఏం పని అక్కా?"

మేస్త్రి గొంతు.

ఆమె తిరగలేదు. స్పానర్ గుప్పిట్లో బిగించింది.

"పార మర్చిపోయాను మేస్త్రిగారూ."

"పార ఎక్కడ మర్చిపోతే అక్కడ వెతుక్కోవాలి. బోల్టులు విప్పితే పార దొరుకుతుందా?"

టార్చ్ వెలుగు మూత మీద పడింది. ఊడిన బోల్టుల మీద ఆగింది. మేస్త్రి ఊపిరి మారింది. ఆమెకి వినిపించింది.

అతని రెండో చేతిలో సుత్తి ఉంది.

"లే. బయటికి పద."

"లోపల ఏముంది?"

"గాలి."

"గాలికి భయపడి సుత్తి తెచ్చుకున్నారా?"

మేస్త్రి ఒక అడుగు ముందుకేశాడు.

అక్క ఊడిన బోల్టుల్లో ఒకటి తీసి అతని మొహం మీదికి విసిరింది. తగిలిందో లేదో చూడలేదు. పరుగు!

పట్టాల పక్కన మనిషి పట్టేంత కాలిబాట. ఒక పక్క పట్టాలు. ఒక పక్క ఏమీ లేదు. మంచులో నాలుగడుగుల అవతల ఏముందో తెలియదు. కానీ ఏడాదిగా గీకిన ఇనుము. ఎక్కడ రివెట్ పొడుచుకొచ్చిందో, ఎక్కడ రేకు జారుతుందో ఆమె కాళ్లకి తెలుసు.

వెనక బూట్లు. దగ్గరవుతున్నాయి.

"ఆగు! చెప్పేది విను!"

ఆగలేదు.

పైన ఏదో కారు పోతోంది. పాట పెట్టుకున్నారు. ఎవరో నవ్వుతున్నారు. ఆమె గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపు లారీ చక్రాల కింద నలిగిపోయింది.

బూట్లు ఇంకా దగ్గరికి...

చున్నీ అంచు మేస్త్రి చేతికి చిక్కింది. మెడ బిగిసింది. చున్నీ వదిలేసింది. ముందు ఒక రేకు. మధ్యాహ్నం గీకినప్పుడు ఎందుకో మెత్తగా అనిపించిన రేకు. దాన్ని దాటి దూకింది.

మేస్త్రి దూకలేదు.

ఫెళ్... మని చప్పుడు. సుత్తి ఎగిరి నదిలో పడింది. తర్వాత ఒక కేక. అది బెదిరింపు కేక కాదు.

ఆమె ఆగింది. వెనక్కి తిరిగింది.

రేకుకి చిల్లు పడింది. మేస్త్రి కుడికాలు తొడదాకా దిగిపోయింది. మనిషి పట్టాల మీదికి బోర్లా పడ్డాడు. చిరిగిన రేకు అంచులు కాలికి దిగబడి ఉన్నాయి. లాగితే చీల్చేస్తాయి. టార్చ్ పట్టాల మధ్య పడి వెలుగుతోంది.

ఆ వెలుగులో రేకు విరిగిన చోటు కనిపించింది. ఇనుము లేదు. లప్పం. తెల్లటి లప్పం కూరి, పైన రంగు వేసేశారు.

"ఇది మీ పనే కదా" అంది అక్క.

మేస్త్రి పళ్లు బిగించాడు. "లాగు అక్కా... చచ్చిపోతా."

"ఇదే చూశాడా నా తమ్ముడు?"

మేస్త్రి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"చూసి, పైవాళ్లకి చెప్తానన్నాడా?"

"చెప్తే వంతెన మూసేస్తారు. ముఠా అంతా రోడ్డున పడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా వినడే! మొండిఘటం."

"వాడు మొండివాడే. చెప్పు. ఏం చేశావ్?"

ఇన్నాళ్లూ మేస్త్రిగారూ, మీరు అన్న మనిషి. ఇప్పుడు నువ్వు. మేస్త్రి అది గమనించే స్థితిలో లేడు.

"నేను చెయ్యి కూడా వెయ్యలేదు. ఒట్టు. వాడు స్తంభం దగ్గర గీకుతున్నాడు. నేను బయటికి వచ్చాను. వాడి బిళ్ల కొక్కేనికే ఉంది. గూడ్సు ఆగి కూతేస్తోంది. వాడు పై నిచ్చెనెక్కి రోడ్డు మీదుగా ఇంటికి పోయాడు, బిళ్ల మర్చిపోయాడు అని చెప్పాను. అంతే."

"ఎవరికి?"

మేస్త్రి కాలు లాక్కోబోయి ఆగాడు.

"వాడు లోపలే ఉన్నాడని నీకు తెలుసు."

మేస్త్రి పట్టా మీద నుదురు ఆనించాడు. ఆమెకి జవాబు అందింది.

కింద నది చప్పుడు.

ఇంట్లో మరదలు ఏడాదిగా వీధి తలుపుకి గడియ పెట్టడం లేదు. రాత్రి ఏ వేళ వచ్చినా తోసుకుని వస్తాడని. పక్కింటివాళ్లు తిట్టారు. అక్క కూడా ఒకసారి తిట్టింది. "పారిపోయినవాడి పెళ్లాం" అని వీధిలో ఆమెకి కొత్త పేరు. పాపని బళ్లో కూడా ఆ మాటే అంటున్నారు. అక్కకి కావాల్సింది ఒక్కటే. వాడు ఎక్కడికీ పోలేదని ఆ ఇంట్లో చెప్పాలి. వాణ్ణి ఇంటికి తేవాలి. దానికి ఆ మూత తెరవాలి... దానితోపాటు నిజం చెప్పే నోరొకటి కావాలి.

ఆ నోరు ఇప్పుడు పట్టాల మీద పడి ఉంది.

ఆమె వంగి అతని చంకల కింద చేతులు వేసింది. లాగింది. మేస్త్రి మూలిగాడు. కాలు కదల్లేదు. రక్తం రేకు మీదుగా కిందికి కారుతోంది.

"నా వల్ల కాదు. గునపం కావాలి. బాబాయిని పిలుచుకొస్తాను."

మేస్త్రి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నొప్పి పుట్టేలా.

"గేటు దగ్గరికి వద్దు."

"ఎందుకు?"

"పైకెళ్లు. నిచ్చెనెక్కి రోడ్డు మీద ఎవరినైనా పిలువు."

"రోడ్డు మీదివాళ్ల దగ్గర గునపాలుంటాయా? చెయ్యి వదులు."

"ఆ మూత నేను బిగించలేదు అక్కా. ఆ రంగు చూశావు కదా? చిన్నప్పటి నుంచీ కుంచె పట్టినవాణ్ణి. నేనే వేస్తే అడ్డంగా వేస్తానా?"

అదీ నిజమే. అతని చేతులు తాగి ఉన్నా కిందికే వెళ్తాయి.

"మరి ఎవరు వేశారు?"

"నన్ను బయటికి తియ్యి. చెప్తా. ఇప్పుడే చెప్తే నువ్వు నన్ను వదిలేసి పోతావు."

ఆమె చెయ్యి విడిపించుకుంది.

"పోను. నువ్వు బతకాలి. నీ అవసరం నాకుంది. భయపడకు, నా బిళ్ల కొక్కేనికే ఉంది. బండి రాదు."

మేస్త్రి తల ఎత్తాడు. టార్చ్ వెలుగులో అతని కళ్లు తడిగా ఉన్నాయి.

"మీ తమ్ముడి బిళ్ల కూడా కొక్కేనికే ఉండేది" అన్నాడు.

ఆమె పరుగెత్తింది.

గేటు దగ్గర దీపం మంచులో పసుపుపచ్చగా అలుక్కుపోయి ఉంది. దాని కింద బోర్డు. కొక్కేలన్నీ ఖాళీ... ఒక్కదానికి తప్ప. ఆమె బిళ్ల. ఉంది. వేలాడుతోంది. సిగ్నల్ ఎర్రగా ఉంది.

ఊపిరి వదిలింది.

మేస్త్రి బిళ్ల లేదు. పైనుంచి నిచ్చెన దిగి వచ్చి ఉంటాడు. ఎవరికీ తెలియకూడదని. బోర్డు ప్రకారం మేస్త్రి వంతెన మీద లేడు.

బాబాయి కేబిన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మెడకి మఫ్లర్. గేటు కాసే గేట్‌మన్లలో ఒకడు. అందరికీ బాబాయే. డ్యూటీలో ఎవరు వెళ్లినా టీ ఇవ్వకుండా పంపడు. ఏడాదిగా అక్కకి రోజూ ఒక గ్లాసు. రోజూ ఒకే మాట... ఎక్కడో బతికే ఉంటాడు తల్లీ.

"ఏమిటా పరుగు? చున్నీ ఏదీ? పడ్డావా?"

"మేస్త్రి... మేస్త్రి కాలు ఇరుక్కుంది బాబాయ్. నడిమి స్తంభానికి ఇవతల. పట్టాల మీద ఉన్నాడు. గునపం కావాలి. రా."

బాబాయి మొహంలో ఏదీ కదల్లేదు.

"మేస్త్రా? వాడెప్పుడు లోపలికెళ్లాడు? బిళ్ల లేదే."

"పైనుంచి దిగాడు. అంతా ఆయనకి తెలుసు బాబాయ్. తమ్ముడు పోలేదు. ఇక్కడే ఉన్నాడు. ఆ స్తంభంలోనే ఉన్నాడు."

"ఎవరన్నారు? వాడా?"

"వాడే. ఎవరితోనో అబద్ధం చెప్పి బిళ్ల తీయించాడు. ఎవరో చెప్తానన్నాడు. ముందు బయటికి లాగాలి."

బాబాయి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"కూర్చో. వణికిపోతున్నావు. ఒక గుక్క తాగు. గునపం గేటు పక్కన ఉంది, పట్టుకొస్తా."

"బండి..."

"నీ బిళ్ల ఉండగా బండెలా వస్తుంది తల్లీ?"

బయటికి నడిచాడు. వెళ్తూ తలుపు దగ్గరికి లాగాడు.

"చలి."

అక్క గ్లాసు పట్టుకుంది. రెండు చేతులతో. గ్లాసు అంచు పళ్లకి తగిలి టకటకమంది. బయట బాబాయి అడుగులు. ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు. గునపం కావచ్చు.

ఈ తలుపు మూసి ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎండైనా వానైనా గోడకి ఆనించి తెరిచే ఉంటుంది. వంతెనకి వేయగా మిగిలిన రంగు అడిగి తీసుకుని బాబాయే స్వయంగా వేసుకున్నాడని ముఠాలో వేళాకోళం ఆడేవాళ్లు. తలుపు లోపలి వైపు దీపం వెలుగు పడుతోంది.

రంగు అడ్డంగా ఉంది.

ఆమె చేతిలో గ్లాసు ఆగిపోయింది.

నిలువు పలక. అడ్డ గీతలు. ఎడమ నుంచి కుడికి. ప్రతి గీత చివరా కుంచె ఎత్తిన చోట చిన్న బొడిపె. ఇందాక మూత మీద వేలితో తడిమిన బొడిపె.

అదే చెయ్యి.

గ్లాసు కింద పడింది. ఆమె కిటికీ వైపు తిరిగింది.

బోర్డు మీద ఒక్క బిళ్ల కూడా లేదు!

సిగ్నల్ పచ్చగా ఉంది.

తలుపు తెరుచుకుంది. బాబాయి లోపలికొచ్చి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఒక చేతిలో గునపం. రెండో చెయ్యి గుప్పిట మూసి ఉంది.

"బాబాయ్... జరుగు."

"అవతలి చివర గూడ్సు ఎక్కేసింది తల్లీ."

"ఎర్రదీపం ఇవ్వు. ఇంకా ఆపొచ్చు. జరుగు!"

ఆమె మీద పడింది. తోసింది. పిడికిళ్లతో గుద్దింది. మనిషి కదల్లేదు. ఆయన కళ్లు ఆమెని చూడటం లేదు. వింటున్నాడు.

కేబిన్ నేల సన్నగా వణికింది. తర్వాత కిటికీ అద్దాలు. అల్మరాలో గ్లాసులు ఒకదానికొకటి తగులుకున్నాయి. గూడ్సు కూత... ఒక్కటే, పొడుగ్గా.

ఆమె చెవులు మూసుకుంది. మూసుకున్నా వినిపించింది. పెట్టె తర్వాత పెట్టె. పెట్టె తర్వాత పెట్టె. కిటికీ అవతల వెలుగూ చీకటీ, వెలుగూ చీకటీ...

అయిపోయింది.

గ్లాసులు నిదానంగా కుదుటపడ్డాయి.

"మొదటిసారి పొరపాటు" అన్నాడు బాబాయి. రోజూ మాట్లాడే గొంతుతోనే. "బిళ్లలు మర్చిపోయి ఇళ్లకి పోయేవాళ్లు ఎంతమంది లేరు? మేమే తీసి సొరుగులో పడేస్తాం. అందరు గేట్‌మన్లూ చేసేదే. వాడు పైకెళ్లాడని మేస్త్రి చెప్పాడు. తీశాను. గూడ్సు వెళ్లాక మేస్త్రి వచ్చి నా కాళ్ల మీద పడ్డాడు. వెళ్లి చూశాం, అప్పటికే అయిపోయింది. వాణ్ణి స్తంభంలో పెట్టి మూత బిగించాను. ఇంకొకడి బిళ్ల ముట్టుకున్న గేట్‌మన్‌కి ఏం జరుగుతుందో నీకు తెలుసు."

"ఏడాది బాబాయ్. ఏడాది నాకు టీ పోశావు."

"పోశాను."

"బతికే ఉంటాడన్నావు."

"ఇంకేం అనను?" గుప్పిట తెరిచి బల్ల మీద పెట్టాడు. రెండు బిళ్లలు. ఒకటి ఆమెది. రెండోది అంచు వంగినది. తమ్ముడి చేతిలో ఎన్నిసార్లు చూసిందో.

"పారేద్దామని ఎన్నిసార్లు గట్టుదాకా వెళ్లానో. చెయ్యి రాలేదు."

"మేస్త్రిది రెండోసారి. అదీ పొరపాటేనా?"

"కాదు. నువ్వు లోపలికెళ్లావని వాడికి ఫోన్ చేసింది నేనే. భయపెట్టి పంపెయ్యమన్నాను. ఇరుక్కుపోతాడని ఎవరు అనుకున్నారు? వాడు నా పేరు చెప్పేస్తాడు." గునపం ఈ చేతి నుంచి ఆ చేతికి మారింది. "ఇప్పుడు నువ్వు, నేను. ఏం చేద్దామో నువ్వే చెప్పు తల్లీ."

తల్లీ అనే అన్నాడు. గునపం మాత్రం పైకి లేస్తోంది.

ఆమె వెనక్కి జరిగింది. గోడ తగిలింది.

ఫోన్ మోగింది.

బల్ల మీద నల్ల ఫోన్. అవతలి స్టేషన్ నుంచి, తర్వాతి బండికి దారి అడగడానికి. బాబాయి ఉద్యోగం మొత్తం ఆ ఫోన్. అది మోగితే అన్నం ముందు నుంచైనా లేచి వెళ్తాడు. జ్వరంలోనూ అంతే. ఆయన ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఎత్తేవాడు కాదు. గునపం గోడకి ఆనించాడు. బల్ల వైపు రెండు అడుగులు వేశాడు.

"గేట్..." అన్నాడు ఫోన్‌లో.

అక్క బల్ల మీది రెండు బిళ్లలూ దొరకబుచ్చుకుంది. తలుపు లాగింది. బయటపడింది. బయటి గడియ వేసి మేకు దించింది.

లోపలి నుంచి తలుపు మీద ఒక్క దెబ్బ పడింది. తర్వాత ఏమీ లేదు.

ఆమె దీపం కింద బోర్డు ముందు నిలబడింది. తన బిళ్ల తన కొక్కేనికి తగిలించింది. ఏడాదిగా ఖాళీగా ఉన్న కొక్కేన్ని వేలితో తుడిచింది. తమ్ముడి బిళ్ల దానికి తగిలించింది.

వాడు వంతెన మీదే ఉన్నాడు. బోర్డు ఇప్పుడు నిజం చెబుతోంది.

కిటికీలోంచి బాబాయి చూస్తున్నాడు. ఫోన్ మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల ఎవరో మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. సన్నగా వినిపిస్తోంది... లైన్ క్లియరా? ఏమండీ, లైన్ క్లియరా?

బాబాయి బోర్డు వైపు చూశాడు.

"లేదు" అన్నాడు. గొంతు ఎవరిదో ముసలాయనది. "బండి వదలొద్దు. వంతెన మీద ఇద్దరున్నారు."

ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు.

అక్క బోర్డు పక్కనున్న లివర్‌ని వెనక్కి తోసింది. సిగ్నల్ ఎర్రగా మారింది. ఎంతసేపు అలా ఉంటుందో ఆమెకి తెలియదు. లివర్ బయట ఉంది, మనిషి లోపల ఉన్నాడు. ఇప్పటికి అది చాలు.

అక్క నడుం దగ్గర తడుముకుంది. స్పానర్ ఉంది.

మంచులోకి నడిచింది. దూరంగా, పట్టాల మధ్య, మేస్త్రి టార్చ్ ఇంకా వెలుగుతోంది. దాన్ని దాటి పోవాలి. పైన రోడ్డు మీద జనం ఇళ్లకి పోతున్నారు. మరదలు ఈ రాత్రి కూడా గడియ పెట్టి ఉండదు.

మూతకి ఒక బోల్టు ఇంకా విప్పాల్సి ఉంది.